కడుపుమంటతో వడమాలపేట దాకా

తిరుపతి వెళ్ళొచ్చానని తెలియగానే మా స్టాఫ్ రూములో అందరూ లడ్డూకి చేతులు చాపారు. తెచ్చాను, పంచాను. "దర్శనం బాగా జరిగిందా?" అని అడిగితే మాత్రం నీళ్ళు నమిలాను. నేను బయల్దేరింది స్వామి కోసం కాదు. పదిహేడేళ్ళ పిల్ల ఒకతె ఎంత బాగా పరిగెడుతుందో చూడ్డానికి. ఇంకా సూటిగా చెప్పాలంటే, అందరూ చెప్పుకుంటున్నంత బాగా ఏమీ పరిగెత్తదులే అని తేల్చుకుని రావడానికి.

మాది తణుకు. ఆడపిల్లల హైస్కూల్లో డ్రిల్లు టీచర్ని. ఇరవై రెండేళ్ళుగా విజిలేసి పిల్లల్ని పరిగెత్తిస్తున్నాను, ఒక్కరంటే ఒక్కరు జిల్లా పోటీలు దాటలేదు. కాలేజీ రోజుల్లో నేనూ దూరపు పరుగులే పరిగెత్తేదాన్ని. రాష్ట్ర పోటీల్లో నాలుగుసార్లు దిగితే నాలుగుసార్లూ రెండో స్థానం. నాలుగుసార్లూ నా ముందు రిబ్బను తెంపింది చిత్తూరు జిల్లా రెడ్డెమ్మ.

ఆ రెడ్డెమ్మ జనవరిలో ఫోన్ చేసింది. "మే సుబ్బలక్ష్మీ, నా తావ ఒక పిల్ల ఉండాది. మనిద్దరినీ కట్టగట్టినా దాని ముందర పనికిరాము. వచ్చి సూసిపో." ఆ పూట నాకు అన్నం సయించలేదు. రిజర్వేషన్ మాత్రం ఆ సాయంత్రమే చేయించుకున్నాను.

రేణిగుంటలో ఎక్కిన బస్సు

రెడ్డెమ్మ ఇప్పుడు ఆర్టీసీలో కండక్టరు. రేణిగుంటలో రైలు దిగి, ఆమె పుత్తూరు బస్సే ఎక్కాను. పాతికేళ్ళ తర్వాత చూడటం. వాటేసుకుంటుందనుకుంటే చెయ్యి చాపి, "ఆధార్ తీ" అంది. ఆడవాళ్ళకి బస్సు ఉచితమే గాని కార్డు చూపించాలట. నా కార్డు పూతరేకుల డబ్బా కింద ఎక్కడో అడుగున ఉంది. వెతుకుతుంటే బస్సంతా నన్నే చూస్తోంది.

"అబ్బ, నేనేనే!" అన్నాను.

"నువ్వే అని నాకు తెలుసు, మిషనుకి తెలవదు కదా. స్నేహం ఇంటికాడ. ఈడ టికెట్టే" అని ముప్పై రూపాయలు తీసుకుంది. పక్కనున్న ముసలావిడ ముసిముసిగా నవ్వింది. ఆవిడ పేరు ఖాదర్‌బీ, వడమాలపేటలో గాజుల అంగడి. ఫోన్లో కొడుకుతో ఉర్దూలో గొడవపడుతూ, మధ్యమధ్యలో నాతో తెలుగులో మాట్లాడుతూ వచ్చింది. నేను ఎవరి కోసం వచ్చానో చెప్పగానే ఆవిడ మొహం వెలిగింది.

"మునిలత కోసమా! మా అంగడి ముందరే పరిగెత్తుతాదమ్మా. పొద్దన్నే ఆ పిల్ల మా గడప దాటితే ఆరుంబావు అయినట్టే. ఆదివారం దానికి పరుగు ఉండాదంట కదా, మా ఇంట్లో అందరం దువా చేస్తా ఉండాము."

నేను పరిగెత్తిన రోజుల్లో నా కోసం మా అమ్మ కూడా దండం పెట్టలేదు. పెళ్ళెలా అవుతుందని ఏడ్చేది. కిటికీలోంచి కొండలు చూస్తూ కూర్చున్నాను గాని ఒక్క కొండా కంటికి ఆనలేదు.

మామిడితోపు గట్టు

గురువారం తెల్లారుతుండగా రెడ్డెమ్మ మోపెడ్ వెనక నన్ను కూర్చోబెట్టుకుని మామిడితోపులకి తీసుకెళ్ళింది. చెట్లన్నీ పూత మీదున్నాయి. తోపుల మధ్య మట్టిగట్టు మీద ఓ సన్నటి పిల్ల, రెండు జడలు పైకి మడిచి కట్టుకుని, ఉత్త కాళ్ళతో నిలబడి ఉంది. ఇంత చిన్నదా అనిపించింది. లోపల కాస్త హాయిగా కూడా అనిపించింది.

"పదిహేడు" అంది రెడ్డెమ్మ.

పిల్ల పరుగు అందుకుంది. మోపెడ్ వెనకే. పరిగెడుతూ ఆ పిల్ల పైకి అంటోంది: "పదిహేడు ఒకట్ల పదిహేడు, పదిహేడు రెండ్ల ముప్పై నాలుగు, పదిహేడు మూళ్ళ యాభై ఒకటి..."

రెడ్డెమ్మ పద్ధతి ఇదీ. గడియారం చూడనివ్వదు. ఎక్కం చెప్పిస్తుంది. ఎక్కం తడబడకుండా సాగినంతసేపూ అది మామూలు పరుగు. కష్టపెట్టే రోజున, ఎక్కం ఎక్కడ తెగిపోతుందో అక్కడ ఆ పిల్ల ఊపిరి హద్దు. వారం వారం ఆ హద్దుని రెండంకెలు అవతలికి నెడుతుంది. మా వైపు నేను గుండెకొట్టుకునే లెక్కలు చెప్పే పుస్తకాలు కొని, అట్టలు వేసి, బీరువాలో దాచాను. ఈమె చిన్నబడి ఎక్కాలతో పని కానిచ్చేస్తోంది.

"స్పీడెంతే?" అని అడిగాను. రెడ్డెమ్మ మోపెడ్ ముల్లు చూపించింది. నా వయసులో, అంటే నేను బాగా పరిగెత్తిన వయసులో, ఆ వేగానికి నా నోట్లోంచి 'అమ్మా' తప్ప మాట వచ్చేది కాదు. ఈ పిల్ల "పదిహేడు ఏళ్ళ నూట పంతొమ్మిది" అని, మధ్యలో గట్టు మీదికొచ్చిన ఓ మేకని అదిలించి, మళ్ళీ "ఎనిమిదుల నూట ముప్పై ఆరు" అంది. మడమలు నేలకి తగులుతున్నాయా లేదా అన్నట్టు పోతోంది.

నా కళ్ళల్లో నిప్పులు పోసినట్టయింది. ఆ కాళ్ళు చూసి కుళ్ళు, ఆ ఊపిరి చూసి కుళ్ళు, అన్నిటికన్నా ఎక్కువ రెడ్డెమ్మని చూసి కుళ్ళు. నా నాలుగు పతకాలూ పట్టుకుపోయింది చాలక, ఇరవై రెండేళ్ళలో నాకు ఒక్కసారీ దొరకని పిల్ల కూడా ఈవిడకే దొరకాలా?

తిరిగొస్తూ సెంటర్లో టిఫిన్ చేశాం. నాలుగు ఇడ్లీ ఇరవై రూపాయలు, పల్లీల చట్నీ అడిగినంత. మా తణుకులో అదే ఇడ్లీ ముప్పై ఐదు. దానికి కూడా కుళ్ళుకున్నానంటే నా పరిస్థితి అర్థం చేసుకోండి.

అవ్వ సంగటి

మధ్యాహ్నం మునిలత వాళ్ళింట్లో భోజనం. ఆ పిల్ల నాయన ఆటో తోలుతాడు. వాళ్ళమ్మ తెల్లవారకముందే కంపెనీ బస్సెక్కి నాయుడుపేట పక్క ఫ్యాక్టరీకి పోతుంది. ఇల్లు నడిపేది నాయనమ్మ. ఇక్కడ అవ్వ అంటారు. మా వైపు వడ్డించేవాళ్ళు "ఇంకొంచెం, ఇంకొంచెం" అని ప్రాణం తీస్తారు. ఈ అవ్వ పిల్లి తలకాయంత రాగి సంగటి ముద్ద ఒకటి పళ్ళెంలో పెట్టి, మధ్యలో గుంట చేసి చింతాకు పప్పు పోసి, నా ఎదురుగా కూర్చుంది. అది పూర్తయ్యేదాకా లేవనివ్వదన్నమాట.

తింటుండగా ఆదివారం సంగతి వచ్చింది. తిరుపతిలో ఓ పెద్ద శిక్షణ కేంద్రం వాళ్ళ ఎంపిక పోటీ. నాలుగు రాష్ట్రాల పిల్లలు వస్తారు. ఐదువేల మీటర్లలో ఇద్దర్నే తీసుకుంటారు. పద్దెనిమిది నిండితే తీసుకోరు, మునిలతకి ఏప్రిల్లో నిండుతాయి. ఎంపికైతే హాస్టలు, తిండి, బూట్లు, చదువు, తర్వాత స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం. కాకపోతే ఇంటర్ పరీక్షలవగానే వాళ్ళమ్మ ఎక్కే కంపెనీ బస్సే ఆ పిల్లా ఎక్కాలి. ఫ్యాక్టరీలో పేరు కూడా రాయించి పెట్టారట.

"దానికే రేపు మొక్కు తీర్చేస్తా ఉండాము" అంది అవ్వ. "మూడేండ్లప్పుడు దీనికి జరమొచ్చి కాళ్ళు సచ్చుబడిపోయినాయి. నెల దినాలు నడవలా. ఈ బిడ్డ కాళ్ళు నిలబడితే పెద్దయినాక దాని చేత్తోనే అలిపిరి కాడి నుంచి మెట్టు మెట్టుకీ పసుపు కుంకం పెట్టిస్తానని మొక్కుకున్నా. పద్నాలుగేండ్లాయ. ఆ కాళ్ళు ఇచ్చింది ఆయన. మొక్కు తీర్చకుండా ఆ కాళ్ళతో పోటీకి పోతే ఊరుకుంటాడా?"

నా చేతిలో ముద్ద ఆగిపోయింది. మూడున్నర వేల మెట్లు. ఎక్కడం వేరు, ప్రతి మెట్టుకీ వంగి బొట్లు పెట్టి లేవడం వేరు. మా పెళ్ళయిన కొత్తలో మా అత్తగారు నా చేత ఆ మెట్లపూజ చేయించింది. మర్నాడు బాగానే ఉన్నాను. రెండోరోజు తొడలు రాళ్ళయిపోయి, గోడ పట్టుకుని నడిచాను. రేపు శుక్రవారం. రెండోరోజంటే ఆదివారమే.

"శుక్రవారం మొక్కు, శనివారం రెస్టు, ఆదివారం పరుగు. సరిపోలా?" అంది రెడ్డెమ్మ. "వారానికోసారి ఆ మెట్లు ఎగురుకుంటా ఎక్కుతాది ఇది. మా పిలకాయలకి మెట్లొక లెక్కా? ఏమంటావు మే?"

పుట్టి పెరిగింది ఆ కొండ కిందే కాబట్టి ఆమెకి ఆ మెట్లంటే ఇంటి అరుగుతో సమానం. వంగి ఎక్కిన అనుభవం ఆమెకి లేదు, నాకుంది. ఒక్క మాట చాలు. మొక్కు సోమవారానికి మార్చుకోండి అంటే అయిపోయేది. మునిలత కూడా చెయ్యి ఆపి నా వైపే చూస్తోంది.

"దేవుడి పని కదా, ఏమవుతుంది" అన్నాను. అని, ముద్ద పప్పులో అద్దుకుని మింగాను.

అలిపిరి

శుక్రవారం వెలుతురు రాకముందే మునిలత నాయన ఆటోలో అందర్నీ దించాడు. రేకు డబ్బా నిండా పసుపు, ఇంకో డబ్బాలో కుంకుమ. మా ముందు సేలం నుంచి వచ్చిన కొత్త దంపతులు అదే పూజ చేస్తున్నారు. పెళ్ళికూతురు వంగుతోంది, పెళ్ళికొడుకు ఫొటోలు తీస్తున్నాడు. మా వైపు కూడా పంపకాలు ఇలాగే ఉంటాయి.

మునిలత మహా ఉత్సాహంగా మొదలెట్టింది. వంగడం, మూడు వేళ్ళతో పసుపు, పైన కుంకుమ, లేవడం. వందో మెట్టు దాకా పరుగులాగే చేసింది. అవ్వ గోవిందా అంటోంది. నేను పక్కనే నడుస్తూ లెక్కపెడుతున్నాను. దేవుడి మెట్లు లెక్కపెడుతూ నేను లోపల అనుకుంటున్నదేమిటో రాయడానికి సిగ్గుగా ఉంది, రాస్తాను: ఇంకో వంద, ఇంకో వంద అనుకుంటున్నాను.

ఐదువందలు దాటాక ఆ పిల్ల నాతో మాటలు కలిపింది. "పెద్దమ్మా, రెడ్డెమ్మక్క మీ గురించి శానా చెప్తాది. వెనకాల మీ అడుగుల సప్పుడు వినపడితే భయమేసి ఇంకా గట్టిగా పరిగెత్తేదంట. సుబ్బలక్ష్మి లేకుంటే నేను ఒక్కటి కూడా గెలిచేదాన్ని కాదు అంటాది."

రెడ్డెమ్మ వెనక నుంచి, "అవును మే, నిజమే" అంది.

సంతోషించాలా? ఒళ్ళు మండిపోయింది. అంటే నాలుగుసార్లూ ఆవిణ్ణి నేనే గెలిపించానన్నమాట! నా కాళ్ళు అరగదీసుకుని! ఏదో గట్టిగా అనబోతూ పిల్ల వైపు తిరిగాను. మునిలత వంగి, లేస్తూ, ఎడమ చేత్తో తొడని అదిమి పట్టుకుంది. ఒక్క క్షణమే. మళ్ళీ నవ్వుతూ పైమెట్టుకి వంగింది. ఆ చెయ్యి తొడమీద ఎందుకు పడిందో ఆ పిల్లకి ఇంకా తెలియదు, నాకు తెలుసు. నా కాళ్ళు అక్కడే ఆగిపోయాయి.

"రెడ్డెమ్మా, ఆపించు" అన్నాను. "ఆదివారానికి కాళ్ళు పట్టేస్తాయి. రెండోరోజే ఎక్కువ. నేను చేశాను, నాకు తెలుసు."

"నిన్న అడిగితే ఏమీ కాదంటివే?"

"తెలిసే అన్నాను."

"తెలిసీ గమ్మునున్నావా? యాలమే?"

"కుళ్ళు" అన్నాను. "నిన్న గట్టు మీద చూసినప్పటి నుంచీ నాకు కుళ్ళు."

రెడ్డెమ్మ మొహం చూడలేకపోయాను. కొట్టినా బాగుండేది. మునిలత మాత్రం పసుపు చేతులతో అలాగే నిలబడి, ఏదో వింత విన్నట్టు నన్ను చూసింది. "నా మీదనా పెద్దమ్మా? నన్ను సూసి కుళ్ళుకునేవాళ్ళు కూడా ఉండారా?" అంది, నవ్వేసింది. కోపం లేదు సరి కదా, ఎవరో శాలువా కప్పినట్టు మురిసిపోతోంది. ఆ నవ్వుని నేను తట్టుకోలేకపోయాను.

రెడ్డెమ్మ పిల్ల చెయ్యి పట్టుకుంది. "నడువు కిందికి. మీ నాయన ఆటో ఇంకా ఆడనే ఉంటాది."

"దేవుని పని మధ్యలో ఆపేదెట్లా?" అంది అవ్వ. ఆవిడ మెట్టు మీద చతికిలబడి కాసేపు ఆలోచించింది. తర్వాత మునిలత చేతులు రెండూ పసుపు డబ్బాలో, కుంకుమ డబ్బాలో ముంచి తీయించింది. "దీని చెయ్యి సోకినాది. పెట్టేదానికి ఎవరైనా పెట్టొచ్చు" అని, డబ్బాలు రెండూ నా చేతికిచ్చింది. "తెలిసి దాసిపెట్టింది నువ్వు. నువ్వే వంగు."

ఆరువందల ముప్పై మెట్లు ఆ పిల్ల వంగింది. మిగతావన్నీ నేను వంగాను. నలభై ఏడేళ్ళ నడుముతో. పిల్లని ఆటో ఎక్కించి రెడ్డెమ్మ పరుగున తిరిగొచ్చి నా వెనకే నడిచింది. గాలిగోపురం దగ్గర నేను కాళ్ళు చాపి కూర్చుంటే, మజ్జిగ గ్లాసు నా పక్కన పెట్టి దూరంగా వెళ్ళి నిలబడింది. మోకాళ్ళ పర్వతం దగ్గర నిజంగానే మోకాళ్ళ మీద పాకాను. దారినపోయేవాళ్ళు ఎంత భక్తో అనుకుని నాకు దండం పెట్టారు. ఒకావిడ నా కాళ్ళకి కూడా మొక్కింది.

కదలని శనివారం

కూర్చుంటే లేవలేను, లేస్తే కూర్చోలేను. బాత్రూము సంగతి రాయను. రెడ్డెమ్మ డ్యూటీకి పోతూ నా మంచం పక్కన సంగటి పెట్టి పోయింది, నాతో మాట్లాడకుండానే. మధ్యాహ్నం అవ్వ వచ్చి, వేడి నూనెతో నా పిక్కలు పిసికింది. నేను కుయ్యోమంటే, "మొక్కు తీరింది. ఇంగ నీకేల ఏడుపు?" అని గదిమింది. ఆవిడ లెక్కలో నా తప్పు నిన్న సాయంత్రమే కొండమీద ముగిసిపోయింది.

మునిలత తొడలకి కూడా నూనె రాస్తున్నారా అని అడిగాను. "రాస్తా ఉండాము. రవంత నొప్పి అంటా ఉండాది" అంది అవ్వ. ఆ తర్వాత నిద్ర పట్టలేదు.

ఆదివారం, మైదానం

మైదానంలో మెట్ల మీద కూర్చోలేక కమ్మీ పట్టుకుని నిలబడ్డాను. పన్నెండున్నర రౌండ్లు. ఎర్ర బనీను వేసుకున్న కేరళ పిల్ల మొదటి నుంచీ ముందుంది. మునిలత ఆమె భుజం వెనకే, అసలు కష్టమే లేనట్టు. తొమ్మిదో రౌండులో మునిలత ముందుకు దూసుకెళ్ళాలి, రెడ్డెమ్మ అలా నేర్పింది. దూసుకెళ్ళబోయింది. కాళ్ళు లేవలేదు. ఒక్క రౌండు తేడాలో ఆ గట్టు మీద చూసిన పిల్ల మాయమై, మామూలు అలసిన పిల్ల ఒకతె పరిగెడుతోంది. ఆ బరువు ఎక్కడిదో రెడ్డెమ్మకి తెలుసు, నాకు తెలుసు.

ఎర్ర బనీను దూరమైపోయింది. ఆఖరి రౌండులో వెనక నుంచి ఓ పొడుగాటి తమిళ పిల్ల గజం గజం దగ్గరవుతూ వచ్చింది. ఇద్దరే. మూడో స్థానానికి కంపెనీ బస్సు. "ముందుకు వంగవే!" అని అరిచాను. గొంతు చీలిపోయింది. ఇద్దరూ ఒకేసారి గీత దాటారు, మునిలత బోర్లా పడింది.

అధికారులు వీడియో పెట్టి చూసుకున్నారు. ఆ పది నిమిషాలు రెడ్డెమ్మ నా వైపు తిరగలేదు. తర్వాత మైకులో పేర్లు చదివారు. రెండో పేరు మునిలతది. గుండె ముందుకు వాల్చినంత తేడా అట. రెడ్డెమ్మ నేల మీద కూలబడి ఏడ్చింది. మునిలత నెత్తురు కారుతున్న మోకాలితో కుంటుకుంటూ కమ్మీ దగ్గరికి వచ్చి, "పెద్దమ్మా, మీ కాళ్ళు ఎట్లుండాయి?" అని అడిగింది.

మళ్ళీ రేణిగుంట

సాయంత్రం రైలుకి రెడ్డెమ్మే మోపెడ్ మీద దింపింది. ప్లాట్‌ఫారం దాకా నా సంచీ తనే మోసుకొచ్చింది.

"సీటు వచ్చినాది కాబట్టి నీతో మాట్లాడతా ఉండా" అంది. "రాకుంటే ఈ జన్మలో మాట్లాడుండను."

"తెలుసు."

"నిజం చెప్పు మే. అది మూడోదిగా వచ్చుంటే సంతోషపడుందువా?"

"గురువారమైతే పడేదాన్నే" అన్నాను. "ఇవాళ కాదు."

"ఇంగా కుళ్ళు ఉండాదా?"

"ఉంది. ఎక్కడికి పోతుంది?"

ఆమె తలూపింది. నమ్మిందో లేదో తెలియదు. రైలు వచ్చి ఆగింది. బోగీకి ఉన్నవి మూడంటే మూడు మెట్లు. మొదటిదాని మీద కాలు పెట్టి, రెండోది ఎత్తలేక కడ్డీ పట్టుకుని వేలాడాను. వెనకవాళ్ళు తోసుకుంటున్నారు. రెడ్డెమ్మ విసుక్కుంటూ ముందుకొచ్చి, తన భుజం నా చంక కిందికి తెచ్చి పైకెత్తింది.